‘ఇది కథ కాదు, విన్యెట్’ అన్నారు. అంటే ఏమిటి?

ఉప్పుగాలి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది విశాఖ, లాసన్స్ బే కాలనీ. పగలు పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతాను, రాత్రి వంటిల్లు సర్దాక ఏదో ఒకటి రాసుకుంటాను. ఒక మాట నన్ను నెల రోజులుగా వదలడం లేదు. తెలిసినవాళ్ళు చెబుతారని ఇక్కడ అడుగుతున్నాను.

పోయిన నెల ఒక చిన్న పత్రికకి మూడు పేజీలు పంపాను. మా అపార్ట్‌మెంటుకి చేపలు తెచ్చే ఆవిడ గురించి. ఫిషింగ్ హార్బర్‌లో సరుకు ఎత్తుకుని ఆటోలో మా సందు మొదటిదాకా వస్తుంది, అక్కణ్ణుంచి తట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తుంది. మా మెట్ల దగ్గరికి వచ్చాక తట్ట దించడానికి ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి. దిగాక నెత్తి మీది చుట్టకుదురు తీస్తుంది, విప్పుతుంది, ఒక్క దులుపు దులుపుతుంది, మళ్ళీ అవే మడతల మీద చుట్టి ఒళ్ళో పెట్టుకుంటుంది. కవళ్ళు ఎంత, నెత్తళ్ళు ఎంత అని బేరం సాగినంతసేపూ ఎడమ చెయ్యి ఆ చుట్టకుదురు మీదే ఉంటుంది. కుడి చేత్తోనే తూస్తుంది, కుడి చేత్తోనే చిల్లర ఇస్తుంది. నేను రాసింది ఇదే. చివర్లో మాత్రం ఒక వాక్యం పెట్టాను: ‘ఆమె ఒళ్ళో ఉన్నది పాత గుడ్డ కాదు, ఒక కుటుంబం మోస్తున్న బరువు.’

సంపాదకులు ఫోన్ చేశారు. “బాగుందమ్మా. కానీ ఇది కథ కాదు, విన్యెట్. ఏదో ఒకటి జరగాలి కదా. కథ చేసి పంపండి” అన్నారు. మర్యాదగానే చెప్పారు. నాకు మాత్రం అది మెచ్చుకోలో, తప్పు చూపించడమో అర్థం కాలేదు. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది.

అప్పటినుంచి ఆ మాట ఎక్కడ చూసినా ఎదురవుతోంది. మా అమ్మాయి ఫోన్‌లో ఫోటోలు దిద్దుకునే యాప్‌లో ‘విగ్నెట్’ అని ఒక మీట ఉంది, జరిపితే మూలలు నల్లబడతాయి. మా అక్క కొడుకు మెడిసిన్ చదువుతున్నాడు, వాడి ప్రశ్నల పుస్తకం నిండా ‘క్లినికల్ విగ్నెట్’లే. వియన్నాలో ఉన్న మా బాబాయి గారబ్బాయి వీడియో కాల్‌లో కారు అద్దం మీది స్టిక్కర్ చూపించి “ఇది విన్యెట్, ఇది లేకపోతే హైవే ఎక్కకూడదు” అన్నాడు.

ఇవన్నీ ఒకటే మాటా? పలకడం ఎలా? తెలుగులో దీనికి మనకో మాట ఉందా? అన్నిటికన్నా ముఖ్యంగా, నేను ఆ మూడు పేజీలని కథ చెయ్యాలా, అలాగే ఉంచాలా?

పెదవాల్తేరు

ముందు పలకడం సంగతి. అది ఫ్రెంచి మాట, vignette అని రాస్తారు. అందులో ‘గ’ వినపడదు. షాంపేన్, కోన్యాక్ అన్నప్పుడు ఆ భాషలో వచ్చే ధ్వనే ఇక్కడా వస్తుంది. నిజానికి ఆ ధ్వనికి మన దగ్గర అక్షరమే ఉంది, ‘ఞ’. కానీ దాన్ని విడిగా రాసే అలవాటు మనకి లేదు కనుక ‘విన్యెట్’ అని రాసుకోవడం మేలు. ‘విగ్నెట్’ అని రాస్తే ఇంగ్లీషు స్పెల్లింగుని అక్షరం అక్షరం చదివినట్టు ఉంటుంది, పైగా విఘ్నం గుర్తుకొస్తుంది.

ఫ్రెంచిలో ‘వీన్యె’ అంటే ద్రాక్షతీగ. దానికి ‘చిన్న’ అనే అర్థమిచ్చే తోక తగిలిస్తే విన్యెట్, చిట్టి ద్రాక్షతీగ. చేతిరాత పుస్తకాల్లో, ఆ తర్వాత అచ్చు పుస్తకాల్లో, అధ్యాయం మొదట్లోనో చివర్లోనో ఖాళీ జాగాలో ఆకులూ నులితీగలూ అల్లుకున్న అలంకారం వేసేవారు. మన పెళ్ళి శుభలేఖల మూలల్లో లత వేస్తాం చూడండి, అలాంటి పని. రానురాను తీగ పోయి, ఆ జాగాలో వేసే చిన్న బొమ్మకే ఆ పేరు మిగిలింది.

ఇందులో పేరున్నవాడు ఇంగ్లండులోని న్యూకాజిల్‌కి చెందిన థామస్ బ్యూయిక్ (1753–1828). బాక్స్‌వుడ్ చెక్కని అడ్డంగా కోసిన ముఖం మీద సన్నటి ఉలులతో బొమ్మలు చెక్కేవాడు. 1797లో ఒక సంపుటం, 1804లో రెండోది, పక్షుల మీద పుస్తకం వేశాడు. పక్షుల బొమ్మలు సరే, వాటి వర్ణన అయిపోయాక పేజీ అడుగున మిగిలిన జాగాలో వేసిన చిన్న చిన్న పల్లె దృశ్యాల కోసం ఆ పుస్తకం వెతుక్కునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వానలో నడిచేవాడు, వాగు దాటేవాడు, చేపలు పట్టేవాడు. చుట్టూ చట్రం గీత ఉండదు. గడ్డి పలచబడి పలచబడి తెల్ల కాగితంలో కలిసిపోతుంది. ఏమీ ‘జరగదు’. కానీ పది నిమిషాలు చూడొచ్చు.

రచనకి ఈ పేరు వచ్చింది ఇక్కణ్ణుంచే. ఒక మనిషినో, ఒక చోటునో, ఒక క్షణాన్నో దగ్గరగా చూపించి వదిలేసే చిన్న రచన. కాబట్టి అది కథ అవ్వబోయి ఆగిపోయింది కాదమ్మా, దాని జాతే వేరు.

ఇక తెలుగు మాట. ‘గల్పిక’ అంటారు కొందరు. నేను ఒప్పుకోను. కొడవటిగంటి కుటుంబరావు గారి చేతిలో గల్పిక ఒక ఆలోచనని, ఒక విమర్శని చెప్పడానికి వాడిన చిన్న రూపం. దానికి చెప్పదలుచుకున్నది ఒకటుంటుంది, గట్టిగా చెబుతుంది కూడా. విన్యెట్ పని చూపించడం. కార్డు కథ అంటారా, అది ఎంత చిన్నదైనా కథే, చివర్లో మలుపు కోసమే రాస్తారు. ‘పదచిత్రం’ దగ్గరగా వస్తుంది కానీ ఆ మాటని కవిత్వంలో ఒక్కొక్క ఉపమానానికి వాడేసి అరగదీశాం. నా మట్టుకు నాకు ‘చిత్తరువు’ ఇష్టం. పాత మాట, నోటికి బాగుంటుంది. అయితే పత్రికవాళ్ళకి రాసేటప్పుడు విన్యెట్ అనే రాయండి, అర్థమవుతుంది.

మెడికో

మీ అక్క గారబ్బాయి చదివే విన్యెట్ గురించి నేను చెబుతాను, నాదీ అదే అవస్థ.

పాత పద్ధతిలో ‘గుండెపోటు లక్షణాలు రాయండి’ అని అడిగేవారు. ఇప్పుడు ఇలా ఇస్తారు: ‘55 ఏళ్ళ పురుషుడు, రెండు గంటలుగా ఛాతీలో బరువు, ఎడమ చేతికి నొప్పి పాకుతోంది, ఒళ్ళంతా చెమటలు, పదేళ్ళుగా షుగర్. ముందుగా ఏం చేస్తారు?’ నాలుగు వాక్యాల్లో ఒక మనిషి. జబ్బు పేరు చెప్పరు. ఏ వివరం పనికొస్తుందో, ఏది దారి తప్పించడానికి పెట్టారో మనమే తేల్చుకోవాలి.

సర్వేల్లో కూడా వాడతారు. ‘మీకు నడవడంలో ఇబ్బంది ఉందా’ అని అడిగితే, రోజూ కొండ ఎక్కి దిగే అరకు మనిషి ‘ఇబ్బంది’ అనుకునేది వేరు, ఎంవీపీ కాలనీలో లిఫ్టులో దిగే మనిషి అనుకునేది వేరు. అందుకని ఇద్దరికీ ఒకే ఊహా మనిషిని వర్ణించి (ఆ వర్ణనే విన్యెట్), ఈయనకి ఎంత ఇబ్బంది ఉందనుకుంటున్నారు అని కూడా అడుగుతారు. ఆ జవాబుతో ఇద్దరి కొలబద్దల తేడా తెలుస్తుంది. అమెరికా రాజనీతి శాస్త్రవేత్త గ్యారీ కింగ్, ఆయన తోటి పరిశోధకులు 2004లో ఈ పద్ధతి మీద రాసిన వ్యాసం బాగా ప్రసిద్ధం. వాళ్ళు చైనాలోనూ మెక్సికోలోనూ ‘ప్రభుత్వంలో మీ మాట ఎంత చెల్లుతుంది’ అని అడిగారు. నేరుగా అడిగితే చైనావాళ్ళే ఎక్కువ చెల్లుతుందన్నారు. విన్యెట్లతో సరిచూస్తే లెక్క తిరగబడింది.

పాత స్టూడియో

అమ్మా, నాకు అల్లిపురంలో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. కలర్ ల్యాబులు వచ్చాక కొన్నాళ్ళు నడిపి మూసేశాను. విన్యెట్ నేను చదివి నేర్చుకున్న మాట కాదు, చేత్తో చేసిన పని. అది ఎలా చేసేవాళ్ళమో చెబుతాను, మీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉందని నాకనిపిస్తోంది.

బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్ళు పోతే, గోడకి పెట్టుకోవడానికి ఒక పెద్ద ఫోటో కావాలని వచ్చేవారు. ఆ మనిషికి విడిగా తీసిన ఫోటో ఉండేది కాదు. ఎవరి పెళ్ళిలోనో తీసిన గ్రూపు ఫోటో ఒకటి తెచ్చేవారు. మూడో వరసలో, ఇద్దరి మధ్య ఇరుక్కుని, బొటనవేలి గోరంత మొహం. “ఈవిడేనండీ మా అమ్మ” అనేవారు. పక్కన ఇంకొకరి భుజం, వెనకాల షామియానా గుంజ. ఇవేవీ లేకుండా అమ్మ ఒక్కతే రావాలి.

దీనికి కత్తెర పనికిరాదు. ముందు ఆ ఫోటోని కాపీ తీసి నెగెటివ్ చేసేవాణ్ణి. డార్క్ రూమ్‌లో ఎర్ర దీపం కింద ఎన్‌లార్జర్‌లో, అంటే బొమ్మని పెద్దది చేసి కిందికి వేసే యంత్రంలో, దాన్ని పెట్టి, కింద బ్రోమైడ్ పేపరు (ఫోటో అచ్చయ్యే కాగితం) పరిచేవాణ్ణి. ఒక నల్ల అట్టముక్కకి మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో కన్నం. కన్నం అంచు నున్నగా ఉండకూడదు, రంపం పళ్ళలా చిన్న చిన్న గాట్లు పెట్టాలి. ఆ అట్టని లెన్స్‌కీ పేపరుకీ మధ్యలో పట్టుకుంటే కన్నంలోంచి మొహం మీద పడే వెలుగు మాత్రమే పేపరుకి చేరుతుంది. వెలుగు తగిలిన చోట పేపరు నల్లబడుతుంది, తగలని చోట తెల్లగా ఉండిపోతుంది. భుజమూ గుంజా ఆ తెలుపులో పోతాయి.

అసలు కిటుకు చేతిలో ఉంది. లైటు వెలిగినంతసేపూ అట్ట కదులుతూనే ఉండాలి. కొంచెం పైకి, కొంచెం కిందికి, ఆగకుండా. కదులుతుంటే అంచు మెత్తబడుతుంది. జుట్టు ఎక్కడ అయిపోయిందో, కాగితం ఎక్కడ మొదలైందో చూసేవాడికి తెలియదు. ఒక్క క్షణం చెయ్యి ఆగిందా, గుడ్డు ఆకారం గీత పడిపోతుంది. డెవలపర్ తట్టలో వేశాక ఆ గీత తేలుతుంది, ఇక ఎవరూ తీయలేరు. పేపరు దండగ. నేర్చుకునే రోజుల్లో నేను దండగ చేసిన పేపర్లకి మా గురువుగారు ఒక్క మాట అనలేదు, పక్కన నిలబడి “చెయ్యి ఆగింది” అని మాత్రం అనేవారు.

మీ మూడు పేజీల్లో చివరి వాక్యం దగ్గర చెయ్యి ఆగిందమ్మా. ‘పాత గుడ్డ కాదు, ఒక కుటుంబం మోస్తున్న బరువు’ అన్నారు. గీత పడింది. అప్పటిదాకా ఆవిడ ఎడమ చెయ్యి చుట్టకుదురు మీద ఉందని నేను చూస్తున్నాను. ఆ వాక్యం రాగానే ఆవిణ్ణి కాదు, మిమ్మల్ని చూశాను. ఏదో ఒకటి జరగాలి అని సంపాదకులు అన్నది కూడా ఈ గీత వల్లేనేమో ఆలోచించండి. అంత పెద్ద మాటతో ముగిస్తే చదివేవాడు దానికి సరిపడా సంఘటన అడుగుతాడు.

మీ అమ్మాయి యాప్‌లో నల్ల మూలల సంగతి కూడా చెప్పి ఊరుకుంటాను. మేమది దీనికి తలకిందులుగా చేసేవాళ్ళం. బొమ్మంతా మామూలుగా పడ్డాక, తీగ చివర అట్ట బిళ్ళ అంటించి మొహాన్ని దాంతో కప్పి, మూలలకి ఇంకాస్త వెలుగు ఇస్తే అవి నల్లబడతాయి, చూపు మొహం మీదికి వెళ్తుంది. ఇది కావాలని చేసేది. అక్కర్లేకుండా వచ్చేది ఇంకొకటి ఉంది. కైలాసగిరి మీదనుంచి వైడ్ లెన్స్‌తో సముద్రం తీయండి, ఆకాశం మూలల్లో మబ్బు లేకపోయినా నీలం ముదురుగా వస్తుంది. వెలుగు లెన్స్‌లోకి ఎంత ఏటవాలుగా వస్తే మూలకి అంత తక్కువ చేరుతుంది. మామూలు లెన్స్ లెక్కలో మూలకి చేరే వెలుగు ఆ కోణపు కొసైన్‌కి నాలుగో ఘాతం మేరకే ఉంటుందంటారు. మీరు లెక్కల టీచరు కదా, 45 డిగ్రీలకి వేసి చూడండి, నాలుగో వంతే మిగులుతుంది. లెన్స్ గొట్టం అడ్డు రావడం వల్ల వచ్చే నలుపైతే ఎపర్చరు (లెన్స్‌లో వెలుగు వచ్చే కన్నం) రెండు స్టాపులు తగ్గిస్తే చాలావరకు పోతుంది. ఫిల్టరు మీద ఫిల్టరు బిగించడం వల్లనో, లెన్స్ ముందు పెట్టే హుడ్ వంకరగా తగిలించడం వల్లనో వచ్చే నలుపైతే వాటిని తీస్తేనే పోతుంది.

స్టాంపుల ఆల్బమ్

ఒక చిన్న సంగతి. స్టాంపులు సేకరించేవాళ్ళం స్టాంపు మధ్యలో ఉండే బొమ్మని విన్యెట్ అంటాం, చుట్టూ ఉండే అంచుని ఫ్రేమ్ అంటాం. రెండు రంగుల స్టాంపుల్లో ఈ రెండూ విడివిడిగా అచ్చవుతాయి కాబట్టి ఒక్కోసారి కాగితం తిరగబడి బొమ్మ తలకిందులయ్యేది. 1918 నాటి అమెరికా 24 సెంట్ల స్టాంపు మీద విమానం అలాగే తిరగబడింది. మన దేశంలో అంతకన్నా ముందే, 1854 నాటి నాలుగణాల స్టాంపు మీద ఎర్ర అంచులో విక్టోరియా రాణి నీలం తల తిరగబడిన ప్రతులు కొన్ని ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఫ్రేమ్ ఉండి తీరుతుంది, స్టూడియో గారు చెప్పినదానికి ఇది తేడా.

వియన్నా నుంచి

నేనేనక్కా, బాబాయి కొడుకుని. పిన్ని లింకు పంపితే వచ్చాను.

ఫ్రెంచిలో ఆ మాట చిన్న బొమ్మ నుంచి చిన్న లేబుల్‌కి, పన్ను కట్టినట్టు అంటించే బిళ్ళకి జారింది. దారి సుంకం స్టిక్కర్ అక్కణ్ణుంచి వచ్చింది. స్విట్జర్లాండులో 1985 నుంచి ఉంది, ఇక్కడ ఆస్ట్రియాలో 1997 నుంచి. మన ఫాస్టాగ్‌కీ దీనికీ తేడా ఏమిటంటే, మన దగ్గర మామూలుగా టోల్ గేటు దాటిన ప్రతిసారీ డబ్బు కోస్తారు, ఇక్కడ కొన్ని రోజులకో ఏడాదికో ఒక్కసారి కట్టేస్తే ఎన్నిసార్లయినా తిరగొచ్చు. స్విట్జర్లాండులో ఏడాదికి 40 ఫ్రాంకులు. ఇప్పుడు రెండు చోట్లా స్టిక్కర్ అక్కర్లేకుండా నంబరు ప్లేటు మీదే ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. నేను ఇంకా స్టిక్కరే అంటిస్తున్నాను. ఒక్కో ఏడాది ఒక్కో రంగు వస్తుంది, మా పాపకి అది ఇష్టం.

నీ చేపల ఆవిడ మనింటికి వచ్చే ఆవిడేనా? చుట్టకుదురు అనగానే గుర్తొచ్చింది.

రుషికొండ ఐటీ

ఇంకొకటి కలుపుకోండి. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్యాకేజీతో (ఎవరో రాసిపెట్టిన ఫంక్షన్ల మూటతో) పాటు వచ్చే పెద్ద వివరణ పత్రాన్ని విన్యెట్ అంటారు. ఒక్కొక్క ఫంక్షన్‌కి ఉండే హెల్ప్ పేజీ కాదు, ఒక నిజమైన లెక్కని మొదటినుంచి చివరిదాకా చేసి చూపించేది. నాకు ఆ భాష వచ్చింది అవి చదివే.

ఉప్పుగాలి

అందరికీ చాలా థాంక్స్. ఇంత ఓపిగ్గా చెబుతారని అనుకోలేదు.

స్టూడియో గారూ, మీ మాట చదివాక మా బీరువాలోంచి మా అమ్మమ్మ ఫోటో తీశాను. చిన్నప్పటినుంచి చూస్తున్నదే. భుజాల దగ్గర చీర మెల్లగా తెలుపులో కలిసిపోయి ఉంటుంది. పాతబడి వెలిసిపోయిందనుకునేదాన్ని. వెలుగులో పెట్టి చూస్తే ఎడమ చెవి పక్కన సన్నటి బూడిదరంగు నీడ ఉంది. చెవి కన్నా పైన మొదలై, వంపు తిరిగి ఆగిపోయింది. అది ఇంకొకరి భుజం. మా అమ్మని అడిగితే “మా పెద్దమ్మ పెళ్ళి ఫోటోలోంచి తీయించాం, పక్కన ఉన్నది మేనత్త” అంది. మేనత్త గారి ఫోటో మా దగ్గర వేరే ఏదీ లేదు. ఉన్నది ఆ భుజం నీడే. పూర్తిగా పోనివ్వకుండా ఆ కాస్తా వదిలేసినవారెవరో తెలియదు కానీ నాకు సంతోషంగా ఉంది.

కొసైన్ లెక్క వేశాను, నాలుగో వంతే వచ్చింది. రేపు తొమ్మిదో తరగతి పిల్లలకి కైలాసగిరి ఫోటో చూపించి చెబుతాను.

పెదవాల్తేరు మాస్టారూ, చిత్తరువు మాట నచ్చింది. వాడతాను.

తమ్ముడూ, అవును, ఆవిడే. నువ్వు చిన్నప్పుడు తట్ట దించడానికి చెయ్యి వేస్తానని పరిగెత్తి వచ్చేవాడివి, ఎత్తు అందేది కాదు.

రాత్రి కూర్చుని చివరి వాక్యం కొట్టేశాను. అది పోయాక మొదటి పేజీలో హార్బర్ గురించి రాసిన పేరా కూడా బరువుగా అనిపించి తీసేశాను. ఇప్పుడు రెండు పేజీలే. ఆవిడ చిల్లర లెక్కపెట్టి కొంగుకి ముడి వేస్తుంది, చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంటుంది, “ఓ సెయ్యెయ్యమ్మా” అంటుంది. అక్కడ ఆగిపోయింది. కథ చెయ్యడం లేదు. సంపాదకులకి సోమవారం అలాగే పంపిస్తాను, పైన ‘విన్యెట్’ అని రాసి, గ లేకుండా.